పగిలిన గొంతు కోసం లండన్ ప్రయాణం

మా నాన్నగారికి తెనాలిలో రేడియో రిపేరు షాపు ఉండేది. షాపంటే పెద్దదేం కాదు. ఒక బల్ల, రెండు స్టూళ్ళు, గోడ నిండా మేకులకు వేలాడే విప్పిన రేడియోలు. వచ్చినవాళ్ళలో సగం మంది చెప్పేది ఒకటే మాట: "గొంతు పగులుతోందండీ!" నాన్నగారు వెనక మూత తీసి, ఓ కండెన్సరో ట్రాన్సిస్టరో మార్చి, ఆ పగిలిన గొంతుని నున్నగా చేసి పంపేవారు. అదే మా ఇంటి తిండి. నేనేమో ఆ బల్ల పక్కన పెరిగి, ఎలక్ట్రానిక్స్ చదివి, ఈ దేశం వచ్చి ఇరవయ్యేళ్ళుగా టెలికామ్ కంపెనీల్లో చేస్తున్నదీ దాదాపు అదే పని. సిగ్నల్ ఎలా లోపలికి వచ్చిందో అలాగే బయటికి పంపాలి. మధ్యలో చెడితే మా ఉద్యోగం చెడినట్టే.

అలాంటి వంశంలో పుట్టిన మా అబ్బాయి పదహారో పుట్టినరోజుకి ఏమడిగాడనుకున్నారు? శబ్దాన్ని పగలగొట్టే పెట్టె! గిటార్‌కీ ఆంప్లిఫయర్‌కీ మధ్య నేల మీద పెట్టి కాలితో నొక్కుతారు. ఫజ్ పెడల్ అంటారు. తెనాలిలో జనం డబ్బులిచ్చి వదిలించుకున్న రోగాన్ని వీడు డబ్బులిచ్చి తెచ్చుకుంటానంటున్నాడు.

మామూలుగా అయితే అక్కడే ఓ ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. కానీ ఆ రోజుల్లో మా ఇద్దరికీ మాటలు అంతంత మాత్రం. ఏ-లెవెల్స్‌లో ఫిజిక్స్ వదిలేసి మ్యూజిక్ తీసుకుంటానన్నాడు. నేను అనకూడనివి రెండు అన్నాను. అప్పట్నుంచీ వాడు నాతో అవును, కాదు తప్ప మాట్లాడటం లేదు. అందుకని "సరే పదరా, లండన్ వెళ్ళి చూద్దాం" అన్నాను.

మేముండే స్లౌ నుంచి ఎలిజబెత్ లైన్ రైలెక్కితే మారకుండా టాటెన్‌హమ్ కోర్ట్ రోడ్‌లో దిగొచ్చు. రైలు సౌతాల్ దాటుతుంటే నేను అలవాటుగా కరివేపాకు గురించి ఆలోచిస్తున్నాను. మరో నిమిషానికి హాన్‌వెల్ వచ్చింది. వాడు కిటికీలోంచి చూస్తూ, ఎవరితోనో చెబుతున్నట్టు, "మార్షల్ ఇక్కడే మొదలైంది" అన్నాడు. అక్షరాలా నిజమే. డ్రమ్ములు నేర్పే జిమ్ మార్షల్ 1960లో ఇక్కడి అక్స్‌బ్రిడ్జ్ రోడ్డు మీద సంగీత వాయిద్యాల దుకాణం పెట్టాడు. అమెరికా నుంచి వచ్చే ఫెండర్ ఆంప్లిఫయర్లు కుర్రాళ్ళకి అందని ధర. దాంతో 1962లో ఆయన దగ్గరి మనుషులు ఫెండర్ బాస్‌మన్ సర్క్యూట్‌ని చూసి, ఇక్కడ దొరికే సామాన్లతో ఒకటి తయారుచేశారు. మొదటి దశలో ఎక్కువ గెయిన్ ఉన్న ఈసీసీ83 వాల్వు పడింది. స్పీకర్లు ఇంగ్లీషు సెలెస్టియన్‌వి. సర్క్యూట్ బొమ్మ దాదాపు అదే, గొంతు మాత్రం వేరే అయిపోయింది. తొందరగా పగిలే గొంతు. ఆ తరవాత రాక్ సంగీతమంటే ప్రపంచానికి గుర్తొచ్చే శబ్దం అదే అయింది. మనం పదిహేనేళ్ళుగా 207 బస్సులో దోసకాయలు మోసుకెళ్ళే రోడ్డు ఇది! ఒక్కనాడూ తల తిప్పి చూడలేదు.

స్టేషను బయట ఇప్పుడు అంతా వెలుగు. 2022లో తెరిచిన అవుటర్‌నెట్ అనే భవనంలో గోడలూ పైకప్పూ అన్నీ తెరలే. ఓ మూల నుంచి పక్కకి తిరిగితే డెన్మార్క్ స్ట్రీట్. ఈ చివరి నుంచి ఆ చివరికి రెండు నిమిషాల నడక, అవతల సెయింట్ జైల్స్ చర్చి. ఇంత చిన్న సందుకి ఇంత చరిత్ర ఏమిటా అనిపిస్తుంది. ఒకప్పుడు పాటల స్వరాలు అచ్చువేసి అమ్మే పబ్లిషర్లంతా ఇక్కడే ఉండేవారు. మెలొడీ మేకర్ పత్రిక 1926లో ఇక్కడ పుట్టింది. నాలుగో నంబరులో రీజెంట్ సౌండ్ స్టూడియో. గోడలకీ కప్పుకీ గుడ్ల అట్టలు అంటించిన ఆ చిన్న గదిలోనే రోలింగ్ స్టోన్స్ 1964లో వచ్చిన మొదటి ఆల్బమ్‌లో చాలాభాగం పాడారు. పబ్లిషర్లు పోయి గిటార్ దుకాణాలు వచ్చాయి. ఇప్పుడు చుట్టూ ఉన్న కొత్త కట్టడాల మధ్య అవి కొన్ని మిగిలాయి.

మూల తిరిగితే ఛారింగ్ క్రాస్ రోడ్. అక్కడి మకారీ సోదరుల దుకాణం ఇప్పుడు లేదు గానీ, మా కథకి అదే పుట్టిల్లు. ఈ కథ నిజానికి అమెరికాలో ఓ రిపేరు కేసుతో మొదలవుతుంది. నాష్‌విల్‌లో, 1961లో వచ్చిన మార్టీ రాబిన్స్ పాట రికార్డు చేస్తుంటే మిక్సింగ్ బల్లలో ఒక భాగం పాడై, గ్రేడీ మార్టిన్ వాయిస్తున్న బాస్ గిటార్ గరగరలాడింది. మా నాన్నగారైతే వెంటనే విప్పేసేవారు. వాళ్ళు అలాగే ఉంచేశారు. పాట హిట్టయింది. ఆ గరగర కావాలని అందరూ అడిగేసరికి ఇంజనీరు గ్లెన్ స్నాడీ దాన్ని ట్రాన్సిస్టర్లతో తయారుచేయించాడు. 1962లో మేస్ట్రో ఫజ్-టోన్ పేరుతో అది అమ్మకానికి వచ్చింది. 1965లో రోలింగ్ స్టోన్స్ 'సాటిస్‌ఫ్యాక్షన్' పాటలో మోగింది. అదే ఏడు లండన్‌లో గ్యారీ హర్స్ట్ అనే కుర్ర ఇంజనీరు, జేమ్స్ బాండ్ సంగీతానికి గిటార్ వాయించిన విక్ ఫ్లిక్ కోరిక మీద, ఆ అమెరికా పెట్టెను మెరుగుపరిచి టోన్ బెండర్ అని చేశాడు. అది అమ్మింది మకారీల దుకాణంలో. ఇక పెట్టే లేకుండా పని కానిచ్చినవాళ్ళూ ఉన్నారు. కింక్స్ బృందంలోని డేవ్ డేవిస్ 1964 పాటకి స్పీకర్ కాగితాన్ని బ్లేడుతో కోశాడు.

మేం వెళ్ళిన దుకాణంలో అబ్బాయి ఓ గిటార్ తీసుకుని కూర్చున్నాడు. అమ్మే ఆయన, నా వయసే ఉంటుంది, మూడు పెడళ్ళు పెట్టాడు. మొదటిది నొక్కగానే నా పళ్ళు జివ్వుమన్నాయి. రెండోది కాస్త నయం, గొంతు బొంగురుపోయిన మనిషి పాడుతున్నట్టుంది. మూడోది గుండ్రంగా, ఎర్రగా, మైకు స్టాండు కింద ఉండే పీఠంలా ఉంది. దీని మూలరూపం ఫజ్ ఫేస్, 1966లో లండన్‌లోనే అర్బిటర్ కంపెనీ తెచ్చింది. జిమీ హెండ్రిక్స్ కాళ్ళ కింద ఉన్నది ఇదే రకం. ఇది మోగితే మాత్రం నేను కుర్చీలో కొంచెం ముందుకి జరిగాను. పగిలింది, కానీ పగిలిన చోట ఏదో వెచ్చగా ఉంది. వాడు గిటార్ మీద వాల్యూమ్ కొద్దిగా తగ్గిస్తే ఆ గరగర మాయమై గంట మోగినట్టు శుభ్రమైన శబ్దం వచ్చింది.

"లోపల ఏముందండీ?" అన్నాను. ఆయన నవ్వి, నాలుగు మరలు విప్పి చూపించాడు. రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, రెండు గుండీలు. మొత్తం పదకొండు! ధర రెండొందల పౌండ్లకు దగ్గర. మా నాన్నగారి షాపులో చిన్న జేబు రేడియోలో కూడా ఇంతకన్నా ఎక్కువ సామాను ఉండేది.

అక్కడే ఫుట్‌పాత్ మీద కాఫీ తాగుతూ, నాకు తెలిసింది వాడికీ, వాడికి వినబడేది నాకూ చెప్పుకున్నాం. మీలో ఎలక్ట్రానిక్స్ తెలియనివాళ్ళ కోసం వాడికి చెప్పినట్టే చెబుతాను.

గిటార్ తీగ శబ్దం ఒక అల. ఆ అల పొడుగు మనిషి అనుకోండి. తాటాకింటి చూరు కింద నడుస్తున్నాడు. చూరు ఎత్తుగా ఉంటే హాయిగా వెళ్ళిపోతాడు. అదే శుభ్రమైన శబ్దం. మనిషిని సాగదీసి చూరు కన్నా పొడుగు చేస్తే తల తగులుతుంది. అల తల నరికినట్టు చదునవుతుంది. ఆ చదునులోంచే కొత్త స్వరాలు, అంటే అసలు స్వరానికి రెట్టింపు, మూడింతలు, అయిదింతల వేగంతో కంపించేవి, పుట్టుకొస్తాయి. పైనా కిందా ఒకేలా నరికితే మూడు, అయిదు లాంటి బేసి లెక్కలవి వస్తాయి. ఒకవైపే ఎక్కువ నరికితే రెండు, నాలుగు కూడా కలుస్తాయి.

మరి సామాను మారితే గొంతెందుకు మారుతుంది? చూరు ఎత్తు ఎంత, అది గట్టి దూలమా, ఒంగే తాటాకా అన్నదే తేడా. చాలా పెడళ్ళలో ఈ చూరు పని డయోడ్‌లు చేస్తాయి. జెర్మేనియం డయోడ్ 0.3 వోల్టుల దగ్గరే, అదీ మెల్లగా ఒంగుతూ అడ్డుపడుతుంది. సిలికాన్ అయితే 0.6 దాకా ఊరుకుని ఠక్కున తగులుతుంది. ఎర్ర ఎల్ఈడీ బల్బులు పెడితే 1.7 వోల్టుల దాకా చోటుంటుంది. అందుకే 1988లో మార్షల్ చేసిన గవ్‌నర్ అనే పెడల్‌లో దీపం కోసం కాక నరకడం కోసమే ఎల్ఈడీలు పెట్టారు. గొంతు విశాలంగా, బిగ్గరగా ఉంటుంది. ఇక ఆ డయోడ్‌ని ఎక్కడ పెట్టారన్నది ఇంకో లెక్క. సిగ్నల్ దారిలోంచి నేరుగా ఎర్త్‌కి కలిపితే దెబ్బ కరుకు. ఆంప్లిఫయర్ చిప్ చుట్టూ తిరిగి వచ్చే దారిలో పెడితే, చిప్ పూర్తిగా నోరు నొక్కేయకుండా కొంత అసలు శబ్దం పైన నిలబడుతుంది. జపాన్‌వాళ్ళ ట్యూబ్ స్క్రీమర్ ఈ రెండో రకం.

ట్యూబ్ స్క్రీమర్‌లో నాకు బాగా నచ్చింది డయోడ్‌లు కాదు, ఓ చిన్న కెపాసిటర్. 4.7 కిలో ఓముల రెసిస్టర్‌తో జతగా 0.047 మైక్రోఫారడ్‌ది. రెండూ కలిసి 720 హెర్ట్‌జ్ దగ్గర జల్లెడ పడతాయి. అంతకన్నా లావు స్వరాలకి పెంపు తక్కువ. గిటార్‌లో లావు తీగ 82 హెర్ట్‌జ్. లావు స్వరం అల పెద్దది. దాన్ని కూడా పెంచితే మొదట అదే వెళ్ళి చూరుకి తగిలి, సన్న స్వరాలకి చోటు లేకుండా చేసి, అంతా ముద్దపప్పు చేస్తుంది. ముందే దాన్ని అణిచిపెడితే పాట విడివిడిగా వినబడుతుంది. చిల్లర ఖరీదు చేసే ఆ ముక్కని మార్చి చూడండి, పెడల్ పేరే మార్చుకోవాల్సి వస్తుంది.

ర్యాట్ అనే మరో పెడల్ కథ వింటే నాకు నవ్వాగలేదు. అందులో మొదట్లో ఎల్ఎమ్308 అనే పాత చిప్ ఉండేది. మహా బద్ధకస్తురాలు. మైక్రోసెకనుకి 0.3 వోల్టులకన్నా వేగంగా కదలలేదు. మా ఆఫీసులో ఎవరైనా అలాంటి చిప్ సూచిస్తే ఇంటికి పంపేస్తారు. అక్కడ అదే గుణం. వేగంగా మారే అలల్ని అందుకోలేక వాటి పదును అరగదీస్తుంది. అందుకే ఆ గరగరలో ముల్లు తక్కువ.

అయితే ఈ రంగంలో మూఢనమ్మకాలు కూడా మన వాస్తుకి తీసిపోవు. ఫలానా రంగు కెపాసిటర్, ఫలానా ఏడాది రెసిస్టర్ అని పదింతల ధర పెట్టేవాళ్ళున్నారు. విలువ ఒకటే అయితే రెసిస్టర్ రెసిస్టరే, పాతది మహా అయితే కాస్త ఎక్కువ బుసకొడుతుంది. ఈ మాట గట్టిగా అంటే డెన్మార్క్ స్ట్రీట్‌లో తన్నులు తినొచ్చు. మా అబ్బాయి నా చెయ్యి పట్టుకుని "నాన్నా, మెల్లగా" అన్నాడు. రెండు వారాల్లో వాడు నన్ను నాన్నా అనడం అదే మొదలు.

జెర్మేనియం ట్రాన్సిస్టర్ల సంగతి మాత్రం మూఢనమ్మకం కాదు. తొలి ఫజ్ ఫేస్‌లు వాటితోనే చేశారు, తరవాత సిలికాన్‌కి మారారు. జెర్మేనియంలో ఏ రెండూ ఒకలా ఉండవు. పైగా కారుతాయి. అంటే ఆపేసినా కొంత కరెంటు లోపల్నుంచి జారిపోతూనే ఉంటుంది. ఎండెక్కితే ఇంకా ఎక్కువ. జనవరిలో ఒక గొంతు, జులైలో ఒక గొంతు. పరిశ్రమ వాటిని ఎప్పుడో వదిలేసింది. ఇప్పుడు పాత నిల్వలే గతి.

"ఏ నంబరువి వాడతారు?" అని అడిగాను. వాడు చెప్పాడు: "ఎన్‌కేటీ275. లేకపోతే ఏసీ128."

ఏసీ128! కాఫీ కప్పు కింద పెట్టేశాను. అది మా ఇంట్లో పేరు పెట్టి పిలిచేంత దగ్గరి చుట్టం. బెంగుళూరు బీఈఎల్ వాళ్ళు చేసేవారు. నాన్నగారు పోయాక షాపు ఖాళీ చేసినప్పుడు నేను తెచ్చుకున్న హార్లిక్స్ డబ్బా ఒకటి మా అటక మీద ఉంది. కిందటి వేసవిలో ఇల్లు సర్దుతూ మా ఆవిడ దాన్ని పారేద్దామంటే, నేను కూడా సరేనని, బద్ధకం వల్ల పారేయలేదు.

పెడల్ కొనలేదు. తిరిగే ముందు నా ముచ్చట కోసం కిందికి నడిచి చైనాటౌన్‌లోని లైల్ స్ట్రీట్ చూశాం. యుద్ధం తరవాత సైన్యం అమ్మేసిన వాల్వులు, మీటర్లు కుప్పలు పోసి అమ్మిన వీధి అది. లండన్ రేడియో పిచ్చివాళ్ళకి మన హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ లాంటిది. ఇప్పుడు అన్నీ బాతు వేపుళ్ళు వేలాడే హోటళ్ళు. ఒక్క ట్రాన్సిస్టరూ దొరకదు, నూడుల్స్ మాత్రం బాగున్నాయి.

ఇంటికొచ్చి డబ్బా దించాం. మూత తీయగానే తెనాలి షాపు వాసన, రోజిన్ వాసన. అడుగున రెండు కాగితం పొట్లాలు, రెండింటి మీదా నాన్నగారి చేతిరాత. ఒకదాని మీద "మంచివి" అని ఉంది. సహజంగా అదే విప్పాను. వంటింటి బల్ల మీద మీటరు పెట్టి ఒక్కొక్కటీ కొలిచాం. మామూలు మీటరు కారే కరెంటుని కూడా గెయిన్ కింద లెక్కేసి అబద్ధం చెబుతుంది. కాబట్టి ముందు బేస్ వదిలేసి కారుడు ఎంతో చూసి, తరవాత బేస్‌కి 22 లక్షల ఓముల మీదుగా కరెంటిచ్చి, రెండోదాంట్లోంచి మొదటిది తీసేయాలి. తీసివేతలన్నీ వాడే చేశాడు. ఫిజిక్స్ వద్దన్న పిల్లాడు!

వారం తిరిగేసరికి మిగతా సామాను పోస్టులో వచ్చింది. టంకం నేను వేశాను. బ్యాటరీ తగిలించి చూస్తే చప్పుడు లేదు. ఇరవయ్యేళ్ళ అనుభవమంతా పెట్టి అరగంట వెతికాను. వాడు వెనకనుంచి వంగి చూసి, "నాన్నా, ఇది పీఎన్‌పీ. ప్లస్సు ఎర్త్‌కి వెళ్ళాలి" అన్నాడు. నేను అలవాటు చొప్పున మైనస్ ఇచ్చాను. తిప్పి పెడితే మోగింది. కానీ చప్పగా ఉంది. గరగర మొదలై, వెంటనే చచ్చిపోతోంది. "మంచివి" అన్న పొట్లంలోవి గెయిన్ నలభై, యాభై మించలేదు. రేడియోకి బుద్ధిమంతులు. ఈ సర్క్యూట్‌కి మొదటిది 70-80, రెండోది 120 దరిదాపుల్లో ఉండాలి.

అప్పుడు రెండో పొట్లం విప్పాం. గెయిన్ బాగా ఉన్నవి అందులోనే ఉన్నాయి. కారుడు కూడా ఎక్కువే. మరీ దారుణమైనవి తీసేసి, ఓ 78నీ ఓ 118నీ పెట్టాం. కారే సరుకు కదా, పుస్తకంలో ఉన్న 8.2 కిలో ఓములు సరిపోలేదు. దాని బదులు తిప్పే రెసిస్టర్ పెట్టి, రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ దగ్గర నాలుగున్నర వోల్టులు వచ్చేదాకా నేను తిప్పుతుంటే, వాడు మీటరు చూడకుండా తీగ మీటుతూ, "ఇంకొంచెం... ఇంకొంచెం... అక్కడ!" అన్నాడు. మీటరు 4.6 చూపిస్తోంది.

శబ్దం వినీ వినగానే మా ఆవిడ పక్కగదిలోంచి వచ్చింది. ఆవిడ చిన్నప్పుడు పదేళ్ళు కర్ణాటక సంగీతం నేర్చుకుంది. తిడుతుందనుకున్నాను. "తంబురా గుర్రం మీద తీగ కింద నూలుపోగు పెడతారు, తెలుసా? జీవా అంటారు. అది పెట్టకపోతే శుభ్రంగానే మోగుతుంది, ప్రాణం ఉండదు. ఇదీ అలాగే జుమ్ముంటోంది" అంది. ఇన్నేళ్ళ కాపురంలో నాకీ సంగతి చెప్పనేలేదు.

మీరు కూడా పిల్లలతో మొదలుపెట్టాలనుకుంటే ఒక్క జాగ్రత్త. ఈ పెట్టెలు తొమ్మిది వోల్టుల బ్యాటరీతో నడుస్తాయి, భయం లేదు. వాల్వు ఆంప్లిఫయర్ జోలికి మాత్రం పోకండి. ప్లగ్గు పీకేశాక కూడా లోపల కెపాసిటర్లలో వందల వోల్టులు కూర్చుని ఉండొచ్చు.

ఆ సాయంత్రం కుక్కర్ మూడు కూతలు వేసి వంటిల్లు వేడెక్కేసరికి మా పెడల్ గొంతు మెల్లగా మారడం మొదలెట్టింది. వాడు గిటార్ ఆపి కిటికీ తెరిచాడు. రెండు నిమిషాలకి మళ్ళీ దారిలో పడింది. ఇప్పుడు మా ఇంట్లో పెడల్ వాయించాలంటే ముందు వాతావరణం చూస్తారు.

ఫిజిక్స్ సంగతి ఇంకా తేలలేదు. మ్యూజిక్ ఖాయమట, దాని పక్కన ఇంకేం పెట్టాలో ఆలోచిస్తున్నాడట. నేను అడగడం మానేశాను.

బల్ల సర్దుతుంటే వాడు ఖాళీ పొట్లం కాగితాన్ని పట్టుకుని దీపం కింద తిప్పి తిప్పి చూస్తున్నాడు. వాడికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. "తాతయ్య ఇక్కడ ఏం రాశారు?" అన్నాడు.

కళ్ళజోడు పెట్టుకుని చదివాను. "లీకువి. పారేయొద్దు."